సెకండ్ హ్యాండ్ కారు కాగితాల్లో డీలర్ తప్పు చేస్తే సరిచేయించుకోవడం ఎలా?

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు టైర్లు చూస్తాం, ఏసీ చూస్తాం, తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లి ఇంజను వినిపిస్తాం. కాగితాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "పేరు మార్పు మేమే చేయించి పెడతాం సార్" అన్న డీలర్ మాట మీద వదిలేస్తాం. కొన్నాళ్లకు ఆర్‌సీ వస్తుంది, పర్సులో పెట్టుకుంటాం. తండ్రి పేరు తప్పు పడిందనో, పాత ఓనర్ లోన్ ఇంకా ఆర్‌సీ మీదే ఉందనో, ఇన్సూరెన్స్‌లో ఛాసిస్ నంబరు వేరే ఉందనో తెలిసేది ఎప్పుడు? యాక్సిడెంట్ క్లెయిమ్ పెట్టినప్పుడు, లేదా బండి మళ్లీ అమ్మబోయినప్పుడు. అప్పటికి డీలర్ ఫోన్ ఎత్తడు, పాత ఓనర్ ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు.

ఇలాంటి తప్పుల్లో ఎక్కువ భాగం సరిచేయించుకోవచ్చు. కాకపోతే వరుస తప్పకూడదు. తప్పు మొదట ఏ కాగితంలో పుట్టిందో పట్టుకుని, అక్కణ్నుంచి ఒక్కొక్కటే దిద్దుకుంటూ రావాలి. మధ్యలో మొదలుపెడితే ప్రతి కౌంటర్ దగ్గరా "ముందు అది మార్పించుకు రండి" అని వెనక్కి పంపుతారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో సొంత వాడకం కార్లకు సంబంధించి ఆ వరుస ఎలా ఉండాలో ఇక్కడ చెబుతున్నాను.

1. ముందు బండిని, కాగితాలను పక్కపక్కన పెట్టి చూడండి

డీలర్ ఇచ్చిన ఇన్వాయిస్, డెలివరీ నోట్, పాత ఆర్‌సీ కాపీ, కొత్త ఆర్‌సీ, ఫారం 29, ఫారం 30 కాపీలు, ఇన్సూరెన్స్ పాలసీ, లోన్ ఉంటే శాంక్షన్ లెటర్, అన్నీ ఒకచోట పరవండి. ఫారం 29 అంటే బండి అమ్మేశానని పాత ఓనర్ ఇచ్చే సమాచారం. ఫారం 30 అంటే పేరు మార్చమని పెట్టుకునే దరఖాస్తు. ఈ రెండింటి కాపీలు డీలర్ మామూలుగా ఇవ్వడు. అడిగి తీసుకోండి. రేపు తప్పు ఎక్కడ జరిగిందో తేల్చేవి ఇవే.

ఇప్పుడు బండి దగ్గరికి వెళ్లండి. ఛాసిస్ నంబరు చాలా కార్లలో ముందు సీటు కింద కార్పెట్ లేపితే గానీ, బానెట్ తెరిచాక ఇంజను వెనక గోడ మీద గానీ చెక్కి ఉంటుంది. కొన్నింటికి ముందు అద్దం కింద మూల కూడా కనిపిస్తుంది. మట్టి తుడిచి, టార్చి పక్కవాటంగా వేసి ఫొటో తీయండి. వెలుతురు ఎదురుగా పడితే 8కీ బీకీ, 5కీ ఎస్‌కీ తేడా తెలియదు. ఇప్పటి కార్లలో ఈ నంబరుకు 17 స్థానాలు ఉంటాయి. ఇందులో ఐ, ఓ, క్యూ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు వాడరు. 1, 0 అంకెలతో కలిసిపోతాయనే ఆ నియమం పెట్టారు. కాబట్టి ఏ కాగితంలోనైనా ఛాసిస్ నంబరు మధ్యలో ఇంగ్లిష్ 'ఓ' అక్షరం కనిపించిందంటే, అది సున్నా బదులు ఎవరో కొట్టిన టైపింగ్ తప్పే. మొదటి మూడు అక్షరాలు తయారీదారుని చెబుతాయి. మారుతికి ఎంఏ3, హ్యుందాయ్‌కి ఎంఏఎల్, టాటాకు ఎంఏటీ. ఇంజను నంబరుకు మాత్రం ఈ నియమాలు వర్తించవు. కంపెనీని బట్టి మారుతుంది.

తర్వాత ఆర్‌సీలో చూడాల్సినవి: మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, చిరునామా, ఓనర్ సీరియల్ నంబరు (మీరు ఎన్నో ఓనరో చెప్పేది), తయారైన నెల, సంవత్సరం, ఇంధనం, ఫైనాన్స్ కంపెనీ పేరు. ఇవి కార్డు మీద చూస్తే సరిపోదు. రవాణా శాఖ ఆన్‌లైన్ రికార్డులో కూడా చూడండి. అసలు లెక్క ఆన్‌లైన్ రికార్డుదే.

కార్డు మీద కనిపించని తప్పు ఒకటుంది. రికార్డులో మీ మొబైల్ నంబరు ఉండాల్సిన చోట డీలర్ ఆఫీసు నంబరో, ఏజెంట్ నంబరో ఉంటుంది. పని తొందరగా కావాలని ఓటీపీ తమకే వచ్చేలా వాళ్ల నంబరు ఇచ్చేస్తారు. దాంతో మీ చలాన్ల మెసేజులు వాళ్లకు పోతాయి. రేపు మీరు బండి మీద ఏ పని చేయించుకోవాలన్నా ఓటీపీ వాళ్లనే అడగాలి. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. మొదటి వారంలోనే మార్పించుకోండి.

2. తప్పు ఎక్కడ పుట్టింది?

కాగితాలు పుట్టిన వరుసలో పేర్చండి. మొదట పాత ఆర్‌సీ, ఆ తర్వాత ఇన్వాయిస్, ఫారం 29, 30, ఆన్‌లైన్ దరఖాస్తు, కొత్త ఆర్‌సీ, చివర ఇన్సూరెన్స్. తప్పు మొదటిసారి కనిపించిన కాగితమే దాని పుట్టిల్లు.

ఒక ఉదాహరణ చూడండి. మన పేర్ల దగ్గర వచ్చే చిక్కు ఇది. ఆధార్‌లో వేముల శ్రీనివాసరావు అని పూర్తిగా ఉంటుంది. పాన్‌లో వి. శ్రీనివాస రావు. డీలర్ దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు ఇంటిపేరు వదిలేసి శ్రీనివాస్ అని కొట్టేస్తాడు. ఫారం 30లో పేరు సరిగ్గా ఉండి, ఆర్‌సీలో తప్పుంటే, అది డేటా ఎంట్రీ తప్పు. ఆర్టీఏ ఆఫీసులో ఫారం చూపించి దిద్దించుకోవచ్చు. ఫారం 30లోనే తప్పుంటే ఆఫీసువాళ్లు చేసింది కరెక్టే అవుతుంది. అప్పుడు ఆధార్ రుజువుతో కొత్తగా దరఖాస్తు పెట్టాలి. ఒక్కోసారి పాత ఓనర్ సంతకం మళ్లీ అడుగుతారు.

ఛాసిస్ నంబరు తప్పు సంగతి వేరు. ఒకే రాష్ట్రంలో పేరు మారేటప్పుడు మామూలుగా ఆ నంబరు పాత రికార్డు నుంచే వస్తుంది. అందుకే ఆర్‌సీలో అది తప్పుగా ఉంటే, బండి మొదటిసారి రిజిస్టర్ అయిన రోజు నుంచే ఉండి ఉంటుంది, లేదా వేరే రాష్ట్రం నుంచి తెచ్చి ఇక్కడ మళ్లీ నమోదు చేసినప్పుడు దొర్లి ఉంటుంది. పాత ఆర్‌సీ కాపీ చూస్తే తేలిపోతుంది. అందులోనూ తప్పే ఉంటే, మొదట కొత్త బండిని అమ్మిన షోరూం ఇచ్చిన ఫారం 21, తయారీ కంపెనీ ఇచ్చే ఫారం 22 కాపీలు కావాలి. ఫారం 21 అంటే అమ్మకం సర్టిఫికెట్. సర్వీసింగ్ రికార్డు ఉన్న అధీకృత షోరూంకు వెళ్లి అడగండి. ఆర్‌సీలో సరిగ్గా ఉండి ఇన్వాయిస్‌లోనో పాలసీలోనో మాత్రమే తప్పుంటే, ఆర్టీఏ ఆఫీసుతో పనే లేదు. ఇది చూసుకోక అక్కడి చుట్టూ తిరిగేవాళ్లున్నారు.

డీలర్ దగ్గర ఫారాల కాపీలు దొరక్కపోతే, మీ బండి ట్రాన్స్‌ఫర్ ఫైలు కాపీలు ఇమ్మని ఆర్టీఏ ఆఫీసులోని సమాచార హక్కు అధికారికి దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. డీలర్ ఏం రాసి పెట్టాడో అందులో బయటపడుతుంది.

3. పొరపాటా, పని ఎగ్గొట్టడమా, మోసమా?

అక్షరం తప్పు పడటం పొరపాటు. మర్యాదగా అడిగితే చాలామంది డీలర్లు చేసిపెడతారు.

పేరు మార్పు అసలు మొదలే పెట్టకపోవడం, పాత లోన్ తీయించకపోవడం పని ఎగ్గొట్టడం. దీనికి గడువు పెట్టి రాతపూర్వకంగా అడగాలి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, బండి కొన్నవారు 30 రోజుల్లోపు పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. అమ్మినవారు అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లో తెలియజేయాలి. చేయిస్తానన్నది డీలరే అయినా, చట్టం దృష్టిలో ఆ 30 రోజుల బాధ్యత మీది. ఈ మాట గుర్తుంటే "వచ్చే వారం అయిపోతుంది సార్" అన్న జవాబుతో నెలలు గడవనివ్వరు.

ఓనర్ సీరియల్, తయారీ సంవత్సరం దగ్గర మాత్రం జాగ్రత్తగా ఆలోచించండి. సెకండ్ ఓనర్ బండి అని చెప్పి అమ్మారు, ఆర్‌సీ చూస్తే మీరు నాలుగో ఓనర్. 2019 మోడల్ అని ఇన్వాయిస్ ఇచ్చారు, ఆర్‌సీలో తయారీ 11/2018, రిజిస్ట్రేషన్ 2019 జనవరి. ఇక్కడ ఆర్‌సీ తప్పు కాదు, డీలర్ చెప్పిందే తప్పు. డీలర్ "టైపింగ్ మిస్టేక్ సార్" అని కొత్త ఇన్వాయిస్ ఇవ్వబోతాడు. అది తీసుకుని ఊరుకోవద్దు, పాత ఇన్వాయిస్ తిరిగి ఇవ్వొద్దు. ఏడాది పాతబడితే బండి విలువ తగ్గుతుంది. ఆ తేడా డబ్బు అడిగే హక్కు మీకుంది. దానికి రుజువు ఆ పాత ఇన్వాయిసు, బండి ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ సంభాషణలు.

ఇక ఛాసిస్ నంబరు చెక్కిన చోట గీకినట్టు, వెల్డింగ్ చేసినట్టు కనిపించినా, ఫారం మీద మీది కాని సంతకం ఉన్నా కాగితం సరిచేయించే ప్రయత్నం అక్కడితో ఆపండి. నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, ఫోర్జరీకి 336 సెక్షన్లున్నాయి. అలాంటి బండిని నడపకండి, ఇంకొకరికి అమ్మే ఆలోచన అసలు వద్దు.

4. డీలర్‌కు రాతపూర్వకంగా చెప్పండి

ఫోన్‌లో చెప్పినదానికి రుజువుండదు. ముందు వాట్సాప్‌లో ఫొటోలతో సహా పంపండి. అదే రోజు ఈమెయిల్ కూడా పెట్టండి. వారంలో కదలిక లేకపోతే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా ఉత్తరం పంపండి. కోపం చూపించాల్సిన చోటు ఇది కాదు. తేదీలు, నంబర్లు ఉంటే చాలు. ఇలా రాయొచ్చు:

"అయ్యా, ఫలానా తేదీన మీ వద్ద ఫలానా నంబరు కారును ఇన్ని రూపాయలకు కొన్నాను. ఇన్వాయిస్ నంబరు ఇది. పేరు మార్పు మీరే చేయిస్తామని చెప్పి అందుకు ఇంత సొమ్ము తీసుకున్నారు. నాకు అందిన ఆర్‌సీలో నా తండ్రి పేరు తప్పుగా ఉంది. రికార్డులో నా మొబైల్ నంబరుకు బదులు వేరే నంబరు ఉంది. నేను మీకిచ్చిన ఆధార్ కాపీలో వివరాలు సరిగానే ఉన్నాయి. ఆ కాపీని, ఆర్‌సీ కాపీని జతచేస్తున్నాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోపు మీ ఖర్చుతో సరిచేయించి, పెట్టిన దరఖాస్తు రసీదు కాపీ నాకు పంపగలరు. అందుకు నా సంతకం, నా హాజరు ఎప్పుడు కావాలన్నా ముందుగా చెబితే వస్తాను."

చివరి వాక్యం తీసేయకండి. "ఆయనే రాలేదు" అని తర్వాత చెప్పడానికి డీలర్‌కు సందు మిగలదు.

డీలర్ మళ్లీ సంతకాలు అడిగితే ఖాళీ ఫారం మీద మాత్రం పెట్టకండి. బండి నంబరు, పేరు, తేదీ నింపాకే సంతకం పెట్టండి, పెట్టగానే ఫొటో తీసుకోండి. అసలు ఆర్‌సీ అడిగితే రసీదు మీదే ఇవ్వండి. ఇంకా ఇవ్వాల్సిన బాకీ ఏమైనా ఉంటే, పని పూర్తయ్యేవరకు ఆపుతున్నట్టు రాసి ఆపండి. లోన్ మీద కొన్నవాళ్లు తమ బ్యాంకుకూ చెప్పాలి. కొన్ని బ్యాంకులు ఆర్‌సీ మారేవరకు డీలర్‌కు ఇచ్చే సొమ్ములో కొంత ఆపి ఉంచుతాయి. బ్యాంకు నుంచి ఫోన్ వెళ్తే డీలర్ కదిలే వేగమే వేరు.

ఇంకో మాట కూడా డీలర్‌ను అడగండి: మీకు ఆర్టీఏ ఆథరైజేషన్ ఉందా అని. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 55ఏ నుంచి 55హెచ్ వరకు, పాత బండ్ల డీలర్లకు రిజిస్టరింగ్ అథారిటీ, అంటే బండ్లు నమోదు చేసే ఆర్టీఏ అధికారి, అనుమతి ఉండాలంటున్నాయి. అలాంటి డీలర్‌కు ఓనర్ బండి అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా తెలియజేయాలి. ఆ తర్వాత బండి డీలర్ చేతిలో ఉన్నంతకాలం అతన్నే ఓనర్‌గా పరిగణిస్తారు, పేరు మార్పు, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) దరఖాస్తులు అతనే పెట్టొచ్చు. ఆ అనుమతి ఉన్న డీలర్ "పాత ఓనర్ దొరకట్లేదు" అంటే నమ్మాల్సిన పని లేదు.

అనుమతి లేని డీలర్ దగ్గర కొనుంటే పాత ఓనర్‌ను మీరే పట్టుకోవాలి. ఆయన ఎందుకు సాయం చేస్తాడనుకోకండి. రికార్డులో పేరు మారనంతకాలం బండి వల్ల జరిగే ప్రమాదాలకు రిజిస్టర్డ్ ఓనరే బాధ్యుడని నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఈ ఒక్క మాట నెమ్మదిగా వివరిస్తే చాలామంది సంతకానికి ఒప్పుకుంటారు.

5. ఆర్టీఏ ఆఫీసులో పని

ఏజెంట్‌ను పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. తప్పు ఎందుకు వచ్చిందో చూడకుండా అతను ఇంకో దరఖాస్తు పెట్టేస్తాడు. పాత తప్పు మీద కొత్త తప్పు చేరితే విప్పడం కష్టం.

రిజిస్టరింగ్ అథారిటీ పేర తెల్లకాగితం మీద అర్జీ రాయండి. ఏ కాలమ్‌లో ఏముంది, ఏముండాలి, దానికి రుజువేమిటి అన్నది మూడు గడుల పట్టికలా ఉంటే గుమస్తాకు చదవడం తేలిక. ఆర్‌సీ, ఆధార్, ఫారం 30 కాపీ, డీలర్ తన లెటర్‌హెడ్ మీద తప్పు ఒప్పుకుంటూ ఇచ్చిన ఉత్తరం జతచేయండి. ఆ ఉత్తరం ఉంటే పని సగం అయినట్టే. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి.

ఛాసిస్ నంబరు దిద్దాలంటే బండిని కూడా తీసుకెళ్లాలి. మనవాళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ చూసి రిపోర్టు రాస్తారు. చెక్కిన నంబరు మీద కాగితం అంటించి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. ముందురోజే ఆ చోట గ్రీజు, తుప్పు శుభ్రం చేసి ఉంచుకోండి. అయితే ఇసుక కాగితంతో గీకొద్దు, నంబరు చెరిపినట్టు అనుమానం వస్తుంది.

పాత లోన్ ఆర్‌సీ మీద మిగిలిపోతే, ఆ బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 కావాలి. బ్యాంకు ఎన్‌వోసీకి గడువు తేదీ ఉంటుంది, చూసుకోండి. డీలర్ దాన్ని టేబుల్ సొరుగులో పెట్టి మర్చిపోయి గడువు దాటిపోతే మళ్లీ తెప్పించాల్సిన బాధ్యత అతనిదే. పాత లోన్ తీయకుండా మీ లోన్ ఎక్కదు కాబట్టి ఈ రెండింటి వరుస మారకూడదు.

ఢిల్లీ, కర్ణాటక లాంటి చోట్ల నుంచి తెచ్చిన బండికి ఆ రాష్ట్రం ఇచ్చే ఎన్‌వోసీ ఫారం 28లో ఉంటుంది. బండి ఏ రాష్ట్రంలో ఏ ఆఫీసుకు వెళ్తుందో అందులో రాస్తారు. మీ ఇల్లు వరంగల్‌లో ఉంటే, డీలర్ తన అలవాటు కొద్దీ హైదరాబాద్ ఆఫీసు పేరు రాయించి ఉండొచ్చు. ముందు మీ ఆఫీసులో అడగండి. కుదరదంటే ఇచ్చినచోటే రద్దు చేయించి కొత్తది తీసుకోవాలి. ఆ ప్రయాణం, ఆ ఖర్చు డీలర్‌వి. ఈ బండ్లకు లైఫ్ ట్యాక్స్ ఇక్కడ మళ్లీ కట్టాలి. బేరంలో అది ఎవరు కడతారని రాసుకున్నారో కూడా చూసుకోండి.

అర్జీ కదలకపోతే తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో అదే రోజు ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో ముద్ర వేసిన కాపీ జతచేసి ఇవ్వండి.

6. ఈలోగా ఇన్సూరెన్స్

ఆర్‌సీ తేలేవరకు ఆగుదాం అనుకోవద్దు. మోటారు వాహనాల చట్టంలోని 157వ సెక్షన్ వల్ల ఎదుటివారికి జరిగే నష్టం వరకు పాలసీ కొన్నవారికి మారినట్టే లెక్క. మీ బండికి జరిగే నష్టానికి ఆ రక్షణ లేదు. పాలసీ మీ పేరుకు మార్చమని కొన్న 14 రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు చేసుకోవాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, ఆయనతోనే పోతుంది, బండితో రాదు. ఆ తేడా మీరు కట్టాలి. డీలర్ మీ పేర కొత్త పాలసీ చేయించి అందులో మీకు లేని బోనస్ వేయించి ఉంటే, ప్రీమియం తక్కువ వచ్చిందని సంతోషించకండి. క్లెయిమ్ రోజున కంపెనీ పట్టుకునేది దాన్నే. మీరే కంపెనీకి రాసి, తేడా కట్టి సరిచేయించుకోండి.

పాలసీలో ఛాసిస్ అంకె తప్పుంటే ఆర్‌సీ కాపీ, బండి మీది నంబరు ఫొటో పంపి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో సవరణ, అడగండి. నెల రోజుల్లో కంపెనీ పట్టించుకోకపోతే రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది.

7. డీలర్ మొండికేస్తే

ఉత్తరంలో పెట్టిన గడువు దాటాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. చాలా వ్యవహారాలు ఇక్కడే తెమలడానికి అవకాశం ఉంది, ముఖ్యంగా పేరున్న సంస్థ దగ్గర కొన్నవి.

తెమలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్నవి అక్కడే తేలుతాయి. ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. గచ్చిబౌలిలో కొన్న బండికి ఖమ్మం మనిషి హైదరాబాద్ రావాల్సిన పని లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి.

అడిగేటప్పుడు ఉత్త నష్టపరిహారం అని రాయకండి. ఆర్‌సీ సరిచేయించి ఇవ్వాలని, దానికి గడువు పెట్టాలని, తిరుగుళ్ల ఖర్చు, ట్రాన్స్‌ఫర్ కోసం తీసుకున్న సొమ్ము ఇప్పించాలని విడివిడిగా రాయండి. డీలర్‌తో పాటు అవసరమైతే పాత ఓనర్‌నూ ప్రతివాదిగా చేర్చండి. ఆయన సంతకం కావాల్సిన పనికి ఆయనకూ ఉత్తర్వు ఉండాలి కదా.

8. ఆర్‌సీ సరయ్యాక

కొత్త వివరాలు ఆన్‌లైన్ రికార్డులో మారాయో లేదో చూసి, డిజీలాకర్‌లో ఆర్‌సీ మళ్లీ తెచ్చుకోండి, లేదంటే అందులో పాత కాపీ అలాగే ఉండిపోతుంది. సరైన ఆర్‌సీ కాపీ ఇన్సూరెన్స్ కంపెనీకి, లోన్ ఇచ్చిన బ్యాంకుకు పంపి రసీదు తీసుకోండి. బండి మీద పాత చలాన్లుంటే డెలివరీ నోట్‌లోని తేదీ, టైము చూపించి ముందువి డీలర్ చేత కట్టించండి. పాత ఓనర్ ఫాస్టాగ్ ఆయనే తన బ్యాంకులో మూయించాలి, ఆ తర్వాతే మీ పేర కొత్తది యాక్టివ్ అవుతుంది. డీలర్‌తో నడిచిన ఉత్తరాలు, రసీదులు బండి అమ్మేవరకు పారేయకండి. రేపు మీ దగ్గర కొనేవారు ఆర్‌సీలో ఈ మార్పు ఎందుకు జరిగిందని అడిగితే చూపించాల్సింది అవే.